కాగితం మీద విన్న కంప్యూటర్

మరి రెండేళ్లలో పదవీ విరమణ. క్వార్టరు ఖాళీ చేయవలసిన రోజు ఎలాగూ వస్తుంది గనుక, అటక మీది సామాను ఇప్పటి నుండే కొద్దికొద్దిగా దింపుదామని మా శ్రీమతి నిర్ణయించింది. దింపిన వాటిలో సగం నావే. ఉగాదికి ముందు ఒక ఆదివారం నాడు నాలుగు గోనె సంచుల నిండా పాత కంప్యూటర్ పత్రికలు క్రిందికి వచ్చాయి. డేటాక్వెస్ట్, పీసీ క్వెస్ట్, కంప్యూటర్స్ టుడే, మధ్య మధ్య దినపత్రికల అనుబంధాలు. పాత కాగితాలు కొనే మనిషి త్రాసు పట్టుకొని వాకిట్లో నిలబడ్డాడు. తూచే ముందు ఒక్కటి చూద్దామని తెరిచాను. అంతే, ఆనాడు అతడు వట్టి చేతులతో వెళ్లవలసి వచ్చింది.

తెరిచిన ప్రతి సంచికలోను ఒకే మాట. మల్టీమీడియా. అట్ట మీద మల్టీమీడియా, సంపాదకీయంలో మల్టీమీడియా, వెనుక పేజీ ప్రకటనలో మరీ పెద్ద అక్షరాలతో మల్టీమీడియా. 1995లో జర్మనీ దేశపు భాషా సంఘం ఆ సంవత్సరపు పదంగా దీనినే ఎంపిక చేసింది. మన పత్రికలవారు ఒక్కరే మోజు పడ్డారనుకొనుటకు లేదు.

మన సంస్థలో ఇటీవల చేరిన యువ మిత్రులకు ఈ మాట ఇప్పుడు వింతగా తోచవచ్చు. జేబులోని ఫోనులో సినిమా చూచేవారికి, కంప్యూటర్ మాట్లాడుతుందని ఒకప్పుడు అట్ట మీద అచ్చు వేశారంటే నవ్వు రావడం సహజమే. కాని 1981లో వచ్చిన ఐబీఎం పీసీకి ఉన్న కంఠమల్లా ఒక చిన్న స్పీకరు. తప్పు మీట నొక్కితే కీచుమనేది. రంగులు కావాలంటే వేరే కార్డు కొనవలసి వచ్చేది. ఆ కార్డు బొమ్మలు గీసేటప్పుడు ఏకకాలంలో చూపగలిగినవి 4 రంగులు. 1990లో నేను డిజైన్ విభాగంలో చేరేనాటికి మా గదిలోని యంత్రానికి అవి కూడా లేవు. నల్లని తెర మీద పచ్చని అక్షరాలు, అంతే. లెక్కలు చేసేది, అచ్చు వేసేది, పొరపాటు చేస్తే కీచుమనేది. ఆ యంత్రం నుండి ఎవరూ అంతకంటె ఎక్కువ ఆశించలేదు.

నేను మాత్రం ఆశించాను. దానికి కారణం ఒక పత్రిక.

ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో ఉండగా మా కళాశాల గ్రంథాలయానికి అమెరికా నుండి బైట్ పత్రిక వచ్చేది. ఓడ మీద వచ్చేదేమో, నాలుగైదు నెలలు ఆలస్యం. 1985 ఆగస్టు సంచిక నా చేతికి వచ్చేసరికి సంక్రాంతి సెలవులు కూడా అయిపోయాయి. అట్ట మీద కమొడోర్ వారి అమీగా. అంతకు ముందు నెల, జూలై 23న, న్యూయార్క్‌లోని లింకన్ సెంటర్‌లో దానిని ఆవిష్కరించారు. ఆండీ వార్‌హోల్ అనే సుప్రసిద్ధ చిత్రకారుడు వేదిక మీద కూర్చొని, గాయని డెబీ హ్యారీ ముఖచిత్రానికి ఆ కంప్యూటర్‌లోనే రంగులు వేశాడు. 4096 రంగులు, నాలుగు శబ్ద వాహికలు. బొమ్మల పని ఒక చిప్పుకు, శబ్దం పని వేరొక చిప్పుకు అప్పగించి ప్రధాన ప్రాసెసర్‌కు భారం తగ్గించిన ఏర్పాటు. జే మైనర్ అనే ఇంజనీరు, అతని బృందం కల్పించిన ఆ ఏర్పాటు నన్ను రంగుల కంటె ఎక్కువగా ఆకట్టుకున్నది. ఉమ్మడి కుటుంబంలో కోడళ్లందరూ తలా ఒక పని పట్టుకుంటే పెద్దావిడ తీరికగా కూర్చున్నట్లు!

ఆ యంత్రపు ప్రదర్శనలలో ఎరుపు తెలుపు గళ్ల బంతి ఒకటి తెర మీద ఎగురుతుందని, అది తగిలినప్పుడల్లా గదిలోనే ఎవరో తలుపు బాదినట్లు శబ్దం వస్తుందని మరొక చోట చదివాను. నిజంగా ఒక గ్యారేజి తలుపును బాది రికార్డు చేసిన శబ్దమట అది. ఆ బంతి ఎగరడాన్ని కన్నులారా చూచినది పాతికేళ్ల తరువాత, ఇంటర్నెట్‌లో. అంతవరకు అది నాకు కాగితం మీదనే ఎగిరింది, కాగితం మీదనే మ్రోగింది. నిజం చెప్పవద్దూ, కాగితం మీద ఇంకా బాగా మ్రోగింది.

ఈ విషయమే నన్ను ఈ వ్యాసానికి పురికొల్పింది. పత్రిక అనేది కాగితం. దానికి కదలిక లేదు, ధ్వని లేదు. కదలడమూ ధ్వనించడమూ తప్ప వేరే గొప్ప లేని వస్తువును గురించి ఆ కాగితం నెలనెలా చెప్పవలసి వచ్చింది. తెర మీది దృశ్యాన్ని ఫొటో తీసి నున్నని కాగితం మీద అచ్చు వేసేవారు. ఆగిన బొమ్మలో తడబాటు కనబడదు కదా! శబ్దాన్ని అచ్చు వేయలేరు గనుక విశేషణాలు అచ్చు వేసేవారు. స్ఫటికం వంటి స్పష్టత అని, కచేరీ వేదిక ముందు కూర్చున్న అనుభూతి అని. మిగిలినది మావంటి పాఠకులు పూరించుకొనేవారు.

అలాగని విలేఖరులు ఎప్పుడూ లేనిదానిని ఉన్నట్లు వ్రాశారనుకోరాదు. ఉన్నదానిని చూడలేకపోయిన సందర్భమూ ఉన్నది. అమీగా వచ్చినప్పుడు చాలామంది దానిని ఆటబొమ్మగా కొట్టివేశారు. 1994 ఏప్రిల్‌లో కమొడోర్ సంస్థ మూతపడింది. అదే సంవత్సరం ఆగస్టులో బైట్ పత్రిక, అసలు తొలి మల్టీమీడియా కంప్యూటర్ అదేనని, దాని విలువ అప్పట్లో అతి కొద్దిమందికే బోధపడిందని వ్రాసింది. బ్రతికుండగా దొరకని బిరుదు!

ఇక ఐబీఎం తరహా పీసీల సంగతి. 1990లో మైక్రోసాఫ్ట్ మరికొన్ని సంస్థలతో కలిసి మల్టీమీడియా పీసీ అనే ప్రమాణాన్ని ప్రకటించింది. కనీసపు అర్హత 10 మెగాహెర్ట్జ్ 286 ప్రాసెసర్ అన్నారు. అది చాలదని తేలి 16 మెగాహెర్ట్జ్ 386 ఎస్ఎక్స్‌కు పెంచారు. 2 మెగాబైట్ల మెమరీ, 30 మెగాబైట్ల హార్డ్ డిస్కు, ఒక శబ్దపు కార్డు, సెకనుకు 150 కిలోబైట్లు చదివే సీడీ డ్రైవు. ఈ చివరి అంకె చదివినప్పుడు నాలోని ఇంజనీరు ఒకింత మేల్కొన్నాడు. మధ్యాహ్న భోజన విరామంలో పాత డ్రాయింగు కాగితం వెనుక వైపు లెక్క వేశాను.

తెర మీద అడ్డంగా 640, నిలువుగా 480 చుక్కలు. ఒక్కొక్క చుక్క సహజమైన రంగులో కనబడాలంటే 3 బైట్లు కావాలి. అంటే ఒక్క బొమ్మకు 9 లక్షల 21 వేల 600 బైట్లు. టెలివిజన్ వలె సెకనుకు 30 బొమ్మలు చూపాలంటే 2 కోట్ల 76 లక్షల పైచిలుకు. ఆ సీడీ డ్రైవు సెకనుకు అందించగలిగినది 1 లక్షా 53 వేల 600. భాగించి చూస్తే సరిగ్గా 180 వచ్చింది. ఒక నిమిషం సినిమాను యథాతథంగా చదవడానికి ఆ డ్రైవుకు మూడు గంటలు పడుతుందన్నమాట. చదివినా, 650 మెగాబైట్ల సీడీలో అర నిమిషం సినిమా కూడా పట్టదు.

కనుకనే 1991 డిసెంబరులో ఆపిల్ వారి క్విక్‌టైమ్, 1992 నవంబరులో మైక్రోసాఫ్ట్ వారి వీడియో ఫర్ విండోస్ వచ్చినప్పుడు తెర మీద సినిమా తపాలా బిళ్ల అంత కనబడింది. 160 చుక్కలు, 120 చుక్కలు. అంటే తెరలో పదహారవ వంతు. 256 రంగులతో సరిపెట్టుకొని సెకనుకు 15 బొమ్మలే చూపినా ఇంకా డ్రైవు శక్తికి దాదాపు రెట్టింపు అవుతుంది. మిగతాది కుదింపు గణితం చూచుకొనేది. బొమ్మను కుదించి కుదించి సన్నని గొట్టంలో నుండి పంపడంలో ఆ ఇంజనీర్లు చూపిన నేర్పు నా దృష్టిలో ఆ దశాబ్దపు నిజమైన వార్త. నా సంచులలోని పత్రికలలో అది లోపలి పేజీలలో చిన్న అక్షరాలలో ఉన్నది. అట్ట మీద మాత్రం గదిలోకి నడచి వస్తున్న డైనోసార్ బొమ్మ.

ఇంత లెక్క వేసినవాడిని మరి మోసపోకుండా ఉండాలి కదా! అదేమీ జరుగలేదు.

1995లో మా నాన్నగారికి అరవై నిండాయి. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా పనిచేసి విరమించారు. పద్యం చదవడం ఆయనకు అన్నం తినడం వంటిది. భాగవతంలోని ఘట్టం ఏదైనా ఎత్తుకుంటే పొరుగు తరగతి పిల్లలు కూడా పాఠం మాని వినేవారు. శ, ష, స వేరు వేరుగా పలుకకపోతే బెత్తం లేచేది. అటువంటి ఆయన గొంతు ఆ ఏడాది వేసవిలో బొంగురుపోయింది. జలుబు అనుకున్నాము. మిరియాల కషాయంతో నెల గడిచింది. పట్నంలో పెద్ద డాక్టరు చూచి, స్వరపేటికలో క్యాన్సర్ ఉన్నదని, స్వరపేటిక మొత్తం తీసివేస్తే ప్రాణానికి భయం లేదని, ఇక మాట మాత్రం రాదని చెప్పారు. శస్త్రచికిత్సకు మూడు వారాలు గడువు.

ఆ రాత్రి నాకు జ్ఞాపకం వచ్చినది ఒక పత్రికలో చదివిన వ్యాసం. కుటుంబంలోని పెద్దల గొంతులను మల్టీమీడియా కంప్యూటర్‌లో శాశ్వతంగా భద్రపరచుకొనవచ్చునని, టేపు వలె అది అరిగిపోదని, వందేళ్లు గడిచినా మొదటి రోజు ఎలా ఉన్నదో అలాగే వినబడుతుందని అందులో ఉన్నది. అంతకు ముందు సంవత్సరమే నేను ఒక 486 యంత్రం కొన్నాను. అది మూగది. కిట్ అని అమ్మేవారు: సీడీ డ్రైవు, శబ్దపు కార్డు, రెండు చిన్న స్పీకర్లు, ఒక మైకు. దాని ధర నా రెండు నెలల జీతం కంటె ఎక్కువ. ఉద్యోగుల సహకార పరపతి సంఘంలో అప్పు పెట్టాను. ఆ అప్పు అసలు ఫ్రిజ్ కోసమని మేము అనుకున్నది. మా శ్రీమతి ఒక్క మాట అనలేదు. “టూ ఇన్ వన్ ఉన్నది కదండీ” అని మాత్రం అన్నది. టేపు అరిగిపోతుందని, డిజిటల్ అంటే ఏమిటని ఆమెకు అరగంట చెప్పాను.

కిట్ రావడానికి వారం పట్టింది. బిగించడానికి మూడు రాత్రులు. కార్డు, ప్రింటరు రెండూ ఒకే ఇంటరప్టు 7 కోసం పోట్లాడుకుంటున్నాయని తెలిసేసరికి మరొక రోజు. కార్డు మీది చిన్న జంపరును 5 కు మార్చగానే పలికింది. ఆ పరిష్కారం దొరికినది కూడా పత్రికలోనే, పాఠకుల ఉత్తరాల శీర్షికలో. అట్ట మీది వ్యాసాలు వ్రాసిన మహానుభావుల కంటె ఆ ఉత్తరాలు వ్రాసిన అజ్ఞాత మిత్రులకే నేను ఎక్కువ ఋణపడి ఉన్నాను.

తరువాత చోటు సమస్య. 210 మెగాబైట్ల హార్డ్ డిస్కులో మిగిలినది 40. సంగీతపు సీడీకి ఉన్నంత నాణ్యతతో రికార్డు చేస్తే నిమిషానికి 10 మెగాబైట్లు. నాన్నగారి అరవై ఏళ్ల గొంతుకు నాలుగు నిమిషాలు! నాణ్యత తగ్గించుకుంటూ వచ్చాను. సెకనుకు 11 వేల నమూనాలు, 8 బిట్లు, ఒకే వాహిక. అలాగైతే గంటసేపు పడుతుంది. గంట అనగానే సంతోషించాను. నమూనాల సంఖ్యలో సగానికి మించిన పౌనఃపున్యాలు నమోదు కావని చదువుకున్నవాడినే. ఆ పూట ఆ సూత్రం గుర్తు చేసుకోవడానికి నాకు మనసు రాలేదు.

నాన్నగారు స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకొని, మైకు ముందు పీట వేయించుకొని కూర్చున్నారు. గొంతు బొంగురుగానే ఉన్నది. అయినా ఎత్తుకున్నారు. పద్యం పూర్తి చేసి రాగం సాగదీస్తుండగా తెర మీది గీత ఆగిపోయింది. విండోస్ 3.1తో వచ్చే రికార్డరు ఒక విడతకు అరవై సెకనులకు మించి తీసుకొనదు. ఈ సంగతి ఏ పత్రికా చెప్పలేదు. నేను చేయి ఎత్తి ఆపమన్నాను. ఆయన ఆగి, విషయం తెలుసుకొని, “నీ యంత్రానికి ఊపిరి తక్కువరా అబ్బాయీ” అని నవ్వారు.

మూడు సాయంత్రాలు అలా గడిచాయి. అరవై సెకనులు చదవడం, ఆగడం, నేను పేరు పెట్టి భద్రం చేయడం, మళ్లీ ఎత్తుకోవడం. ఆయనకు ప్రాణం విసిగింది. మూడవ రోజు చివరకు మైకు పక్కకు నెట్టి, కిటికీ వైపు తిరిగి తన ధోరణిలో తాను చదువుకున్నారు. అప్పుడు గమనించాను, కిటికీలో టూ ఇన్ వన్ ఉన్నది. మొదటి రోజు నుండీ ఉన్నదట. పాత సినిమా పాటల కేసెట్టు రెండింటికి పైన కన్నాలలో కాగితం ముక్కలు కుక్కి, మా శ్రీమతి వాటి మీదనే రికార్డు చేస్తున్నది.

శస్త్రచికిత్స బాగా జరిగింది. నాన్నగారు 2002 వరకు ఉన్నారు. మాట లేదు, పలక ఉన్నది. ఏది చెప్పాలన్నా గుండ్రని అక్షరాలతో వ్రాసి చూపేవారు. పలక మీద కూడా ఎవరి తప్పునూ వదలలేదు.

ఇంటికి వచ్చిన నెలకు, ఆయనను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ఆయన గొంతు ఆయనకు వినిపించాను. ఇది నేను ఎంతో ఎదురుచూచిన ఘడియ. మూడు పద్యాలు విన్నారు. తరువాత పలక తీసికొని వ్రాశారు: “శ ష స మూడూ ఒకటే అయినాయి. మార్కులు సున్న.” నిజమే. ఆ అక్షరాలను విడదీసే బుసబుస ధ్వనిలో చాలా భాగం ఐదున్నర వేల హెర్ట్జ్‌కు పైన ఉంటుంది. నేను గంట నిడివి కోసం వదులుకున్నది సరిగ్గా దానినే. జీవితమంతా పిల్లలకు ఆ మూడక్షరాలు నేర్పిన మనిషి నోట వాటిని నా యంత్రం కలిపివేసింది. మా శ్రీమతి కేసెట్టు పెట్టింది. ఆయన కళ్లు మూసుకొని ఆ ప్రక్క అయిపోయేదాకా విన్నారు. పలక ముట్టుకోలేదు.

1998లో ఆ హార్డ్ డిస్కు పాడయింది. నకళ్లు తీసిపెట్టుకొనలేదా అని మీరు అడుగుతారు. ఫ్లాపీ ఒకటికి పట్టేది రెండు నిమిషాల పైచిలుకు. గంటకు ఇరవై ఎనిమిది ఫ్లాపీలు కావాలి. చేద్దాం, చేద్దాం అనుకుంటూ మూడేళ్లు గడిపాను. మిగిలినది ఒకే ఒక్క ఫ్లాపీ, అందులో రెండు పద్యాలు.

ఆ ఫ్లాపీ కూడా ఆదివారం నాటి సంచిలోనే దొరికింది, ఒక పత్రిక మధ్యలో. మా అమ్మాయి సెలవులకు వచ్చి, ఎక్కడో ఫ్లాపీ డ్రైవు సంపాదించి చదివించింది. ఒక పద్యం చదవడానికి రాలేదు. రెండవది వచ్చింది. న్యాయంగా చెప్పాలంటే, ఆ పత్రిక వ్రాసిన దానిలో ఒక సగం నిజమయింది. 1991లో రూపొందిన వేవ్ ఫైలును నేటి కంప్యూటర్ కిక్కురుమనకుండా తెరిచింది. ముప్పై ఏళ్ల తరువాత కూడా అది మొదటి రోజు ఎలా ఉన్నదో అచ్చంగా అలాగే ఉన్నది, ఆ సున్న మార్కుల శకారంతో సహా.

కేసెట్ల గతి వేరు. ఒకదానికి బూజు పట్టి టేపు తెగింది. రెండవది అక్కడక్కడ సాగి, రాగం కొంచెం వంకర పోతున్నది. మధ్యలో కుక్కరు ఈల ఉన్నది, రెండేళ్ల వయసులో మా అమ్మాయి ఏడుపు ఉన్నది. అరవై సెకనులకు ఆగిన పద్యం అందులో పూర్తిగా ఉన్నది. దాని వెంటనే నా యంత్రపు ఊపిరిని గురించి ఆయన అన్న మాట, ఆ నవ్వు. అవి కంప్యూటర్‌లో నమోదు కాలేదు, నేను అప్పటికే ఆపివేశాను.

ఆ కేసెట్టును అమ్మాయి తీగతో లాప్‌టాప్‌కు కలిపి, పూర్తి నాణ్యతతో ఎక్కించింది. అరవై నిమిషాలు. ఎంత చోటు పట్టిందని అలవాటు కొద్దీ అడిగాను. 600 మెగాబైట్లన్నది. నా పాత హార్డ్ డిస్కుకు సుమారు మూడింతలు. “అదేమంత నాన్నా, ఒక పెళ్లి వీడియో కంటె తక్కువ” అని నవ్వింది.

మరుసటి ఆదివారం కాగితాల మనిషి మళ్లీ వచ్చాడు. మూడు సంచులు తూచి ఇచ్చాను. నాలుగవది, పాఠకుల ఉత్తరాలు ఎక్కువగా ఉన్న సంచికలది, మళ్లీ అటకెక్కింది. ఖాళీ చేసేనాటికి చూద్దామన్నది మా శ్రీమతి.